హారన్ లేని జీపు

బస్తర్ అడవుల్లో, ఆవపల్లి నుంచి ఉసూర్ దారిలో ఉన్న మా క్యాంపుకు నేను నడిచి వచ్చాను. ఏప్రిల్ నెల. వీపున సంచి, భుజాన రైఫిల్, కుడిచేతిలో పనిముట్ల పెట్టె. అడవి ఆకు రాల్చి పొడిగా ఉంది. ఇప్పపూలు రాలిన చోటల్లా తియ్యగా పులిసిన వాసన. నా ఉద్యోగం డ్రైవర్ మెకానిక్. డ్రైవర్‌ని ఇంత దూరం నడిపించడమేమిటని అడిగితే, ముందు నడుస్తున్న హవల్దార్ తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఇక్కడ బండ్లు నడవవు ఉస్తాద్. మనుషులే నడవాలి."

మా ఫోర్సులో బండి తోలేవాణ్ణీ, బాగుచేసేవాణ్ణీ ఉస్తాద్ అనే పిలుస్తారు. బండ్లు నడవని చోటికి ఉస్తాద్ దేనికో ఆ పైవాడికీ, హెడ్‌క్వార్టర్‌కీ తెలియాలి.

క్యాంపు అంటే రేకుల షెడ్లు, ఇసుక బస్తాల మోర్చాలు, చుట్టూ ముళ్లకంచె. కంచెకు ఖాళీ సీసాలు జంటలుగా వేలాడదీశారు. ఎవరైనా తగిలితే గలగలమంటాయి. గాలొచ్చినా గలగలమంటాయి. మొదటి వారం నాకు నిద్ర లేదు, రెండో వారం ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టలేదు.

కంపెనీ కమాండర్ గఢ్వాల్ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాటలు రేషన్ సరుకులా తూచి ఇస్తాడు. నేను సెల్యూట్ కొట్టగానే నాకు ఇచ్చిన మొదటి ఆర్డర్ ఇది. "తెలియని వైరు కనిపిస్తే ముట్టుకోవద్దు. వెనక్కి నడువు. చెప్పు." అంతే. ఊరు, పేరు, ప్రయాణం ఎలా జరిగింది, ఏమీ అడగలేదు. ఆ మాట క్యాంపులో ప్రతివాడికీ కంఠతా వచ్చు. రోడ్డు మీద ఒక వైరును తేలిగ్గా తీసుకున్నవాళ్లను ఎలా మోసుకొచ్చారో పాతవాళ్లు చూశారు.

టార్పాలిన్ కింద ఒక జీపు ఉంది. పాత డీజిల్ బండి. బ్యాటరీ చచ్చింది, ఎలుకలు వైర్లు కొరికేశాయి. సీటు కింద పాము కుబుసం. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. నేనొచ్చింది ఊరికే కాదన్నమాట.

వైరు కోసం ఉసూర్ బజారుకు వెళ్లాను. కొట్టాయన తెలుగువాడే. వాళ్ల తాతల కాలంలో గోదావరి దాటి వచ్చి ఇక్కడ పచారీ కొట్టు పెట్టుకున్నారు. నా యాస వినగానే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. వైరు మాట ఎత్తగానే గ్లాసు కింద పెట్టాడు.

"వైరు అమ్మను సార్. నల్లటేపు కూడా అమ్మను. మీకిస్తే అడవిలో వాళ్లొచ్చి అడుగుతరు, వాళ్లకిస్తే మీరొచ్చి అడుగుతరు. ఎందుకొచ్చిన గొడవ? సబ్బులు అమ్ముకుంట బతుకుతున్న."

ఆయన మాటా నిజమే. వైరు గీదం టౌన్ నుంచి తెప్పించాను. అది కూడా సంతకాలు పెట్టి, కమాండర్ సాబ్ చేత ముద్ర వేయించుకుని. వచ్చినదాంతో ఆ జీపుకు కొత్తగా నరాలు కట్టినట్టు కట్టాను. ఒక్క మూర కూడా మిగల్లేదు. ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ జీపు లేచి నిలబడి మొదటిసారి పొగ వదిలిన రోజు మా కుక్ హారతి పళ్లెం తెచ్చాడు. అది వంటింటి మూకుడు, అందులో కర్పూరం బదులు చిన్న నిప్పు కణిక, కానీ భక్తికి లోటు లేదు.

కుక్ గురించి చెప్పాలి. విజయనగరం జిల్లా మనిషి, శృంగవరపుకోట దగ్గర పల్లె. గుండ్రటి పొట్ట, గుండ్రటి నవ్వు. నేను భద్రాచలం వైపు వాణ్ణి. మా ఇద్దరి తెలుగూ కలవదు, అయినా మొదటి రోజే నన్ను బావా అన్నాడు. ఏ చుట్టరికంతో అని అడిగితే, "సింతపండుతో" అన్నాడు. హర్యానా వాళ్లకీ, బీహార్ వాళ్లకీ నూటిరవై రొట్టెలు కాల్చాక, మా కోసం ఒక మూల గిన్నెలో చారు కాచేవాడు. ఆ చారు తాగితే నాకు ఇల్లు గుర్తొచ్చేది కాదు. ఇంట్లోనే ఉన్నట్టుండేది.

ఆ చారుకు మూడో వాటాదారు మా రేడియో ఆపరేటర్. కోంటా వైపు దోర్ల తెగ కుర్రవాడు. ఇంట్లో దోర్లీ, బడిలో హిందీ, సంతలో తెలుగు, వైర్‌లెస్ సెట్ మీద మూడూ. ఫోర్సులో చేరి నాలుగేళ్లయింది, పెళ్లి కుదిరింది, అయినా చేతులు ఊరుకోవు. ఏది కనిపించినా విప్పుతాడు. విప్పినవాటిలో సగం బిగించేవాడు. అన్నం గుండిగ అడుగున మాడిన చెక్క అంటే అతనికి ప్రాణం. కుక్ దాన్ని ఎవరికీ ఇవ్వకుండా దాచి, సాయంత్రం ఉప్పూ నెయ్యీ రాసి సెట్ గదికి తీసుకెళ్లేవాడు. అమ్మలా కాపలా కాసి తినిపించేవాడు.

"తిను తమ్మీ. నువ్వు సెట్ దగ్గర అరిసి అరిసి సిక్కిపోతన్నావు," అనేవాడు.

క్యాంపులో ఫోన్ సిగ్నల్ లేదు. ఆవపల్లి వెళ్లే దారిలో ఒక మలుపు ఉంది. అక్కడ రోడ్డు కొంచెం గట్టెక్కుతుంది. ఒక కల్వర్టు నుంచి ఇంకో కల్వర్టు దాకా, ఆ కాస్త దూరంలో మాత్రం టవర్ అందుతుంది. మోడ్ అంటే హిందీలో మలుపు, దాన్ని సిగ్నల్ మోడ్ అనేవాళ్లం. అక్కడ డ్యూటీ పడితే పండగే. కానీ కుక్‌కు ఆ పండగ లేదు. వంట వదిలి వెళ్లలేడు. పైగా అతని ఫోను ముసలిది, బ్యాటరీ ఉబ్బిపోయింది. తీగ గుచ్చి ఉంటే బతుకుతుంది, తీగ తీస్తే పోతుంది.

ఆ ఫోనులో ఒక్క ఫొటో ఉంది. అతనికి కూతురు పుట్టింది. ఇంకా చూడలేదు. రెండుసార్లు సెలవు మంజూరైంది, రెండుసార్లూ ఆపరేషన్ వచ్చి రద్దయింది. పాపకు ఐదో నెల వచ్చింది. ఇంటివాళ్లు అన్నప్రాసనకు ముహూర్తం పెట్టించారు. మూడోసారి సెలవు అడగడానికి కుక్ కమాండర్ సాబ్ దగ్గరికి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నాడు. బయట నిలబడి చొక్కా సర్దుకుంటూ నాతో అన్న మాట ఇది.

"నూటిరవై మందికి ముద్ద పెడతన్నాను బావా. నా కూతురికి తొలిముద్ద ఇంకోడు పెడితే నా గరిటెకి ఏటి ఇలవ?"

లోపల ఆ మాట హిందీలో చెప్పడం అతని వల్ల కాలేదు. నేను చెప్పాను. కమాండర్ సాబ్ చాలాసేపు మ్యాపు చూశాడు. ఎల్లుండి నుంచి పెద్ద ఆపరేషన్, సెలవులన్నీ బంద్ అన్నాడు. కుక్ తల దించాడు. "రేపు రోడ్డు తెరుస్తున్నాం," అన్నాడు సాబ్. "ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా. జీపులో వెళ్లు. పదకొండు దాటితే నేనేమీ చేయలేను."

ఆవపల్లిలో పదకొండున్నరకు బస్సు. అది దొరికితే సాయంత్రానికి గీదం, రాత్రికి కిరండూల్. మర్నాడు పొద్దున విశాఖ రైలు ఎక్కితే శృంగవరపుకోటలో దిగుతాడు. ఆ మర్నాడు ముహూర్తం. ఒక్క బస్సు తప్పినా పాపకు తొలిముద్ద మేనమామే పెడతాడు.

రోడ్డు తెరవడం అంటే ఏమిటో మా ఊళ్లో చెబితే నమ్మరు. ఆ రోడ్డు మీద ఒక్క బండి పోవాలంటే తెల్లవారుతుండగానే మనుషులు పార్టీలుగా విడిపోయి బయల్దేరతారు. మందుపాతరల కోసం కల్వర్టులూ, గట్లూ వెతుక్కుంటూ నడుస్తారు. ఆ తర్వాత రోడ్డు పొడవునా దూరం దూరంగా నిలబడిపోతారు. వీపు రోడ్డుకు, ముఖం అడవికి. బండి వచ్చినా, ఏనుగు వచ్చినా వెనక్కి తిరగకూడదు. అడవి మీంచి చూపు తీస్తే ఆ ఒక్క క్షణం చాలు. బండి దాటిపోయేదాకా ఎండలో అలాగే ఉంటారు. అంటే నా జీపు దారిలో ఆగితే ఆగేది జీపు ఒక్కటే కాదు. ఆ ఎండలో అంతమంది మనుషులూ ఆగిపోతారు.

పొద్దున్నే జీపు స్టార్ట్ చేసి చూశాను. గుడిగంటలా మోగింది. కుక్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఒళ్లో సంచి. అందులో సంతలో కొన్న చిన్న కంచు గిన్నె, గుడ్డలో కట్టిన ఇక్కడి సన్నబియ్యం. ఎనిమిదిన్నరకు సెట్ మీద కబురొచ్చింది, రోడ్డు తెరిచామని. వెనక సీట్లో ఇద్దరు ఎస్కార్ట్ జవాన్లు ఎక్కారు. గేటు దాటాం.

క్యాంపు జెండా ఇంకా కనబడుతుండగానే ఒక గుంత వచ్చింది. జీపు ఎగిరి దిగింది. ఇంజిన్ ఆగింది.

తాళం తిప్పాను, లేచింది. మళ్లీ కాస్త దూరం. ఇంకో గుంత. మళ్లీ ఆగింది. ఈసారి మూడు నాలుగుసార్లు తిప్పితే గానీ లేవలేదు.

డీజిలే అనుకున్నాను. ముందురోజు డ్రమ్ములోంచి పోశాం, అడుగున చెత్త వచ్చి ఉంటుంది. బానెట్ ఎత్తి, ఫిల్టర్ విప్పి చూశాను. శుభ్రంగా ఉంది. గాలి చేరిందేమో అని పంపు దగ్గర నట్టు వదులు చేసి, బుడగలు వస్తాయేమోనని చేత్తో పంపు కొట్టాను. ఒక్క బుడగ రాలేదు. టోపీ లోంచి చెమట కళ్లలోకి కారుతోంది. కుక్ సంచిని పొట్టకు అదుముకుని, జీపు దేవుడికి మొక్కుతున్నట్టు బానెట్ వైపు చూస్తున్నాడు. అతను తిట్టినా బాగుండేది.

సెట్ గరగరలాడింది. కమాండర్ సాబ్. "ఉస్తాద్, క్యా హువా?"

"బండి ఆగుతోంది సాబ్. చూస్తున్నాను."

"టైమ్ భీ చూడు."

బయల్దేరాం. ఇంకో గుంతలో ఆగింది. ఈసారి నేను బానెట్ ఎత్తలేదు. సీట్లోనే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని ఆలోచించాను. నాకు పని నేర్పినాయన కొత్తగూడెంలో లారీల షెడ్డు నడిపేవాడు. ఆయన మాట ఒకటుంది. బండి దగ్గి దగ్గి చస్తే తిండి రోగం, మాట మధ్యలో చస్తే నరాల రోగం. ఈ జీపు ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎవరో తాళం తీసేసినట్టు ఆగుతోంది.

అప్పుడు చూశాను. తాళం ఆన్‌లోనే ఉంది. ఇంజిన్ ఆగితే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగాలి. వెలగలేదు.

ఆ జీపులో డీజిల్ పంపు దగ్గర కరెంటుతో తెరుచుకునే చిన్న మూత ఉంటుంది. తాళం తిప్పితే కరెంటు వెళ్లి మూత తెరుస్తుంది. కరెంటు తప్పితే మూత పడి డీజిలు ఆగిపోతుంది. ఆ మూతకూ, ఆ ఎర్రదీపానికీ తాళం దగ్గర నుంచి వచ్చే వైరు ఒక్కటే. అది ఎక్కడో తెగి, గుంత వస్తే విడిపోతోంది, కుదుపుకు మళ్లీ తగులుతోంది. రోగం దొరికింది. ప్రాణం తెరిపిన పడింది. కిందికి దిగి, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, టార్చి వేశాను.

నా వైర్లన్నీ నేను కట్టినట్టే ఉన్నాయి. ఒక్కటి తప్ప. తాళం కింద, లోపలికి తోసి, తెల్లటి ముడి ఒకటి. దవాఖానాలో గాయాలకు అంటించే పట్టీ చుట్టారు. అందులోంచి సన్నటి వైరు ఒకటి బయల్దేరి కుక్ కూర్చున్న సీటు కిందికి పోయింది. నేను పెట్టింది కాదు.

చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, భయమేసింది. మెల్లగా తల బయటికి తీశాను.

"బావా, దిగు," అన్నాను.

"ఏటయ్యింది బావా?"

"సంచి వదిలేసి దిగు. ఏంది అని అడగకు. దిగు."

దిగాడు. సంచి మాత్రం వదల్లేదు. ఎస్కార్ట్ వాళ్లకు సైగ చేశాను. అందరం వెనక్కి నడిచి గట్టు వెనక పడుకున్నాం. సెట్ అందుకుని చెప్పాను, జీపులో తెలియని వైరు ఉందని, కుక్ సీటు కిందికి పోయిందని.

కమాండర్ సాబ్ గొంతు వచ్చింది, ఎప్పటిలాగే తూచి. బండి దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు. బాంబులు తీసే పార్టీ ఆవపల్లి చివర ఉంది. వెనక్కి నడిచి వస్తుంది. గంటన్నర పడుతుంది.

గంటన్నర. తొమ్మిదిన్నర దాటింది. కుక్ నా పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా అంతా ఎర్రమట్టి. లెక్క అతనికీ అర్థమైంది.

"ఓలమ్మా," అన్నాడు మెల్లగా. "మా బావమరిది సెయ్యి వొణుకుద్ది బావా. ముద్ద కింద పడేస్తాడు."

అతని వీపు మీద చెయ్యి వేశాను.

అప్పుడు సెట్ మీద ఇంకో గొంతు వచ్చింది. ఆపరేటర్ ఆ రోజు అడిగి మరీ సిగ్నల్ మోడ్ దగ్గర డ్యూటీ వేయించుకున్నాడు. అందరూ వింటున్న సెట్ మీద, కమాండర్ వింటున్న సెట్ మీద, హిందీ మరిచిపోయి తెలుగులో మొదలుపెట్టాడు.

"ఉస్తాద్. ఆ వైరు... తెల్ల పట్టీ చుట్టి ఉందా?"

"ఉంది."

"అది నాదే ఉస్తాద్. నేనే పెట్టిన."

నేను సెట్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"అన్న ఫోను తీగ లేకపోతే బతకదు గద. ఇక్కడ మోడ్ దగ్గర సిగ్నల్ వస్తది, ఫోను బతికుంటే పాపను చూస్తడని ఛార్జర్ పెట్టిన. నిన్న మీరు సంత్రీ డ్యూటీల ఉన్నప్పుడు. అన్నకు చెప్పలే. నల్లటేపు ఎక్కడా దొరకలే, పట్టీ చుట్టిన. సీటు కింద చూడుండ్రి, తీగ ఉంటది."

కుక్ తల ఎత్తి నన్ను చూశాడు. నేను కుక్‌ని చూశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు వేసినవాడు ఇతనే. ఎంత కోపం వచ్చిందో అంత నవ్వూ వచ్చింది. రెండిట్లో ఏది ముందు బయటపెట్టాలో తేలక దగ్గు వచ్చింది.

జరిగింది కమాండర్ సాబ్‌కు హిందీలో ఎవరో చెప్పారు.

"ఆపరేటర్," అన్నాడు సాబ్. "పట్టీ ఎన్ని చుట్లు? వైరు రంగు?"

"మూడు చుట్లు సాబ్. పచ్చ వైరు. చివర ఎర్ర ముడి."

"ఉస్తాద్, ఒక్కడివే వెళ్లు. సరిపోతే పని మొదలుపెట్టు. ఆపరేటర్, క్యాంపుకు వచ్చాక నన్ను కలువు."

వెళ్లి చూశాను. మూడు చుట్లు, పచ్చ వైరు, ఎర్ర ముడి. సీటు కింద ఛార్జర్ తీగ, చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. బహుమతిలా దాచాడు.

పట్టీ విప్పాను. ఎండకు జిగురు కరిగి పాకంలా సాగింది. లోపల అసలు వైరును తెగ్గోసి, తన వైరును మధ్యలో పెట్టి, జడ అల్లినట్టు మెలిపెట్టాడు. క్యాంపులో నిలబడి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. గుంతలో పడితే మెలి వదులవుతుంది. రెండు కొనలూ దగ్గరికి లాగి చూస్తే అందడం లేదు. మధ్యలో ఒక ముక్క కోసి పారేశాడు మహానుభావుడు. నా దగ్గర అదనపు వైరు జానెడు కూడా లేదు. కొనుక్కొద్దామంటే ఉసూర్‌లో దొరికేవి సబ్బులు.

జీపంతా ఒకసారి మనసులో తిరిగాను. ఏ వైరు తీసేసినా బండి నడవాలి. హారన్. ఆ అడవిలో హారన్ కొట్టి ఎవర్ని పిలవాలి? కొట్టిన పాపాన పోలేదు ఎప్పుడూ. హారన్ వైరు పీకి, రెండు ముక్కలు చేశాను. ఒక ముక్కతో ఇంజిన్ వైరు కలిపాను. గట్టిగా మెలిపెట్టి, ప్లయర్‌తో నొక్కి, పాత ట్యూబు రబ్బరు చుట్టి, దారంతో బిగించాను. ఛార్జర్ పీకేయబోతుంటే గట్టు మీంచి కుక్ అరిచాడు.

"ఉండనీ బావా! తమ్ముడు పెట్టినాడు కదేటి!"

రెండో ముక్క అందుకే మిగిలింది. హారన్‌కు వెళ్లే కరెంటును ఛార్జర్‌కు ఇచ్చాను. ఫ్యూజు దాటించకుండా, ఇంజిన్ వైరు జోలికి పోకుండా, మర్యాదగా. మూడు రెట్లు టైము పట్టింది. పట్టనీ అనుకున్నాను.

తాళం తిప్పేసరికి పదిన్నర దాటింది. ఇంజిన్ లేచింది. సీట్లో ఎగిరెగిరి కూర్చుని బండిని కుదిపాను. ఆగలేదు. కానీ దూరం చాలా మిగిలి ఉంది, గుంతల రోడ్డు, పదకొండుకు రోడ్డు మూసేస్తారు. సెట్ మీద చెప్పాను. "బండి సిద్ధం సాబ్. పదకొండులోపు దాటలేం."

కమాండర్ సాబ్ మాట్లాడేలోపే ఒక గొంతు వచ్చింది. మొదటి పార్టీ హవల్దార్, నన్ను తొలిరోజు నడిపించుకొచ్చినాయన. "మేం ఆగుతాం సాబ్." తర్వాత రెండో పార్టీ. "ఆగుతాం." మూడో పార్టీ. నాలుగో పార్టీ వాడు పంజాబీ, అతని మాట ఇంకా బాగుంది. "రోజూ అన్నం పెట్టే మనిషి సాబ్. కాసేపు ఎండ తింటాం."

వాళ్ల దగ్గర నీళ్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు, సాబ్‌కూ తెలుసు.

"పదకొండున్నర," అన్నాడు సాబ్. "ఒక్క నిమిషం ఎక్కువైనా ఒప్పుకోను. ఉస్తాద్, కదులు."

కుక్ ఏడుస్తున్నాడు. చేతులకున్న మట్టితో ముఖం తుడుచుకుని ఇంకా పాడుచేసుకున్నాడు. నేను తొక్కాను. అన్ని గుంతలూ దూకించాను. ఒక్కసారి కూడా ఇంజిన్ మాట తప్పలేదు. నా ఉద్యోగం మొత్తంలో ఏ బండినీ అంతగా ప్రేమించలేదు.

సిగ్నల్ మోడ్ వచ్చింది. మొదటి కల్వర్టు దాటగానే ఛార్జర్ తీగకు వేలాడుతున్న ముసలి ఫోను టింగుమంది, ఆగకుండా టింగుమంటూనే ఉంది. వారాల తరబడి ఆగిన మెసేజీలన్నీ ఒక్కసారి పడ్డాయి. కుక్ ఇంటికి వీడియో కాల్ కలిపాడు. బండి ఆపకూడదని రూలు. నేను ఆపలేదు. ఫస్ట్ గేరులో వేసి, నడిచే మనిషి కంటే మెల్లగా, క్లచ్చి మీద ప్రాణం పెట్టి నడిపాను. అంత మెల్లగా పోతే ఏ బండి అయినా ఆగాలి. అది ఆగలేదు.

నేను రోడ్డు వైపే చూస్తున్నాను. వినిపించింది మాత్రం మర్చిపోను. ముందు ఎవరో ఆడమనిషి గొంతు, "బయలెల్లినారా? నిజంగానే బయలెల్లినారా?" తర్వాత కీచుమని ఒక కేరింత. కుక్ కాసేపటికి, "ముద్ద నానే పెడతాను. ఎవుల్నీ పెట్టనీయకు," అన్నాడు. రెండో కల్వర్టు వచ్చింది. ఫోను మూగబోయింది.

ఆవపల్లిలో బస్సు కదులుతుంటే అడ్డంగా జీపు పెట్టాను. హారన్ లేదు కదా, కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాను. కండక్టర్ హిందీలో తిట్టాడు, నేను తెలుగులో తిట్టాను, ఈలోపు కుక్ సంచితో సహా ఎక్కేశాడు.

ఆపరేటర్‌కు శిక్ష పడింది. కుక్ తిరిగొచ్చేదాకా మెస్‌లో వంట. అది అతనికి పడ్డ శిక్షో, మాకు పడ్డ శిక్షో కమాండర్ సాబ్ సరిగ్గా ఆలోచించలేదు. పప్పు ఉడకదు, రొట్టె విరగదు. అన్నం మాత్రం అడుగు కాదు, గుండిగ మొత్తం మాడేది. ఆపరేటర్ ఒక్కడే తృప్తిగా తిన్నాడు.

కుక్ నెల తర్వాత వచ్చాడు. బూందీ లడ్డూలు తెచ్చాడు. ఏమైందని అందరూ మీద పడి అడిగితే మూతి ముడిచాడు. "ముద్ద నోట్లో పెట్టీసరికి తూ అని ఉమ్మీసింది. ఉప్పు సాలనేదని కనిపెట్టీసింది. నా కూతురే." అని పగలబడి నవ్వాడు. బయల్దేరే రోజు ఆ కంచు గిన్నెలో వండిన పాయసం గట్టిపడి రాయిలా ఉంటే, డబ్బాలో పెట్టి ఆపరేటర్ కోసం మోసుకొచ్చాడు. మాడు లాగే ఉంటుందని.

అక్కడ నా డ్యూటీ గడువు అయిపోయింది. వచ్చినట్టే నడిచి వెళ్లిపోయాను, పనిముట్ల పెట్టెతో. ఇప్పుడు భద్రాచలంలో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి కార్లకు లైట్లూ, పాటల డబ్బాలూ బిగించుకుని, బండి మధ్యలో ఆగిపోతోందని వస్తారు జనం. మందలిస్తాను గానీ గట్టిగా తిట్టలేను. ఎవరి కోసం బిగించావని అడుగుతాను. చాలామంది పిల్లల కోసం అంటారు. మాజీ జవాన్ అని తెలిసినవాళ్లు మాత్రం, బస్తర్‌లో ఏం చూశారు అన్నా అని అడుగుతారు. వాళ్లు వినాలనుకునేది కాల్పుల గురించి. అవీ చూశాను. కానీ కళ్లు మూస్తే వచ్చేది అది కాదు.

ఆ రోజు మోడ్ దగ్గర జీపు పాకుతుంటే, రోడ్డు పక్కన మొదటి మనిషి ఆపరేటర్. వీపున సెట్, పైకి యాంటెన్నా, ముఖం అడవికి. కేరింత అతనికీ వినిపించింది. కుడిచెయ్యి రైఫిల్ మీదే ఉంది. ఎడమచెయ్యి మెల్లగా నడుము వెనక్కి వచ్చింది. వేళ్లు ముడుచుకున్నాయి, తెరుచుకున్నాయి. పసిపిల్లలకు చెప్పే టాటా. అతని తర్వాతివాడు చూసి కాదు, విని, చెయ్యి వెనక్కి పెట్టాడు. ఆ తర్వాతివాడు. ఆ తర్వాతివాడు. చెమటకు తడిసి నల్లబడ్డ వీపులు, వాటి వెనక ఊగుతున్న ఎడమచేతులు, రెండో కల్వర్టు దాకా. కుక్ ఫోనును తీగతో సహా కిటికీ బయటికి చాపి పట్టుకున్నాడు.

"అదిగో సిన్నమ్మీ, నీ మావయ్యలు. టాటా సెప్పు."

ఒక్కడూ తల తిప్పలేదు.